వెలుతురు లెక్క

చి॥ అమ్మలుకి, కాశీబుగ్గ నుంచి పెదమావయ్య ఆశీస్సులు.

తాతయ్య యాషికా మాట్ 124జి కెమెరా నీ చేతికి చేరినందుకు సంతోషం. దాని వెలుతురు మీటరు ముల్లు తిక్కతిక్కగా ఆడుతోంది, బాగుచేయించనా అని అడిగావు. వద్దు. అది 1.35 వోల్టుల పాదరసం బ్యాటరీకి కట్టిన మీటరు. అవి ఇప్పుడు తయారుకావు. అదే సైజులో దొరికే 1.5 వోల్టులది వేస్తే ముల్లు కదులుతుంది గానీ అబద్ధం చెబుతుంది. నీ నికాన్ డిజిటల్ ఉందిగా, దాన్నే మీటరు చేసుకో. ఒకప్పుడు పెద్ద స్టూడియోల వాళ్ళు ఫిల్ము ఖర్చు పెట్టేముందు పోలరాయిడ్ తీసి లైటింగు సరిచూసుకునేవారు. ఇదీ అలాంటిదే.

నీ కాలం మీటరు లేకుండా ఎలా గడిచింది మావయ్యా అంటావేమో. నోటి లెక్కలతో. మబ్బు లేని ఎండలో అపెర్చర్ 16, షట్టరు ఫిల్ము వేగమంత. భావనపాడు సముద్రపు ఇసుక మీదైతే 22. మన జీడితోట కింద మధ్యాహ్నం పూట, 100 ఫిల్ముకి, 4 దగ్గర 60వ వంతు. కళ్ళు మూసుకుని పెట్టేవాణ్ణి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చి చెట్లను పడగొట్టింది. ఎండ కాశాక అదే చోట నిలబడితే 16 దగ్గర 125! ఇప్పుడు కొత్త మొక్కలు ఎదుగుతూ అడుగుకో రకం నీడ. అందుకే నా లెక్కలు నీకు అప్పజెప్పను, నువ్వే కొలుచుకో.

డిజిటల్‌ని మాన్యువల్‌లో పెట్టు. ఆటో ఐఎస్‌ఓ తీసెయ్. ఫిల్ము డబ్బా మీది అంకె వెయ్యి, నీ హెచ్‌పీ5 ఫిల్ముకి 400. యాక్టివ్ డీ-లైటింగ్ కట్టెయ్, లేకపోతే తెర మీద నీడల్ని తేటగా చూపించి మభ్యపెడుతుంది. కిట్ లెన్సు 30 మి.మీ. దగ్గర పెడితే యాషికా చూసేంత మేరే దాదాపుగా చూస్తుంది. యాషికా షట్టరు 500వ వంతు దాటదని మరిచిపోకు. పసుపు ఫిల్టరు తొడిగితే ఒక స్టాప్ కలుపు.

ఇంతవరకూ ఎవరైనా చెబుతారు. అసలు చిక్కు జీడిపిక్కలు వలిచే షెడ్డులో వస్తుంది. నువ్వు తీయాలనుకుంటున్నదీ అక్కడే కదా. తలుపులోంచి పడే వెలుతురు, పిక్కల జీడి అంటి నల్లబడ్డ వేళ్ళు, వాటి మధ్య తెల్లటి పప్పు. డిజిటల్ ఫోటో తెర మీద బాగుండాలంటే ఆ తెల్లటి పప్పు కాలిపోకూడదు. దాన్ని కాపాడబోయి వేళ్ళని చీకట్లో వదిలేస్తావు. అదే అంకె నెగటివ్‌కి పెడితే ఆ వేళ్ళు శాశ్వతంగా పోయినట్టే. డిజిటల్‌కి తెలుపు దగ్గర భయం, నెగటివ్‌కి నలుపు దగ్గర. ఎక్కువైన వెలుతురుని నెగటివ్ చాలావరకు ఓర్చుకుంటుంది. నీడలో అసలు పడని వెలుతురుని ఏ డార్క్‌రూమూ పుట్టించలేదు.

కాబట్టి స్పాట్ మీటరింగు పెట్టి, దగ్గరికెళ్ళి వేళ్ళ మీదే కొలువు. 3.5 దగ్గర 30వ వంతు అందనుకో. మీటరుకి నలుపూ తెలుపూ తెలియవు, దేన్ని చూపించినా బూడిదరంగు చెయ్యాలనే చూస్తుంది. అవి నల్లటి వేళ్ళు కనుక రెండు స్టాపులు తగ్గించి 125వ వంతు పెట్టు. డిజిటల్‌తో ఒకటి తీసి చూస్తే పప్పు దగ్గర తెలుపు కాలిందన్న హెచ్చరిక మిణుకుమంటుంది. మిణుకుమననీ. అదే అంకె యాషికాకి ఎక్కించి నొక్కు. స్లైడు ఫిల్ము వేసిన రోజు మాత్రం ఈ మాట తిరగెయ్యాలి: అది డిజిటల్ లాగే తెలుపుకి భయపడుతుంది. తేలినీలాపురంలో గూడబాతుల్ని స్లైడులో తీస్తే రెక్కల తెలుపే నీ కొలత.

చీకటి పడ్డాక సముద్రం తీసేటప్పుడు డిజిటల్ 10 సెకన్లంటే నమ్మకు. సెకను దాటాక ఫిల్ము మందగిస్తుంది. హెచ్‌పీ5కి ఆ 10 సెకన్లు 20 అవుతాయి. డిజిటల్‌కి ఆ బాధ లేదు, అందుకే చెప్పదు.

మెడలో రెండు కెమెరాలేంటని అమ్మ గొణుగుతుంది. ఆ మాటకొస్తే ఫిల్మెందుకని నేనూ అడగొచ్చు. అడగను.

మొదటి రోలు కడిగించాక స్కాన్లు పంపకు. స్కానరు తనకు తోచినట్టు సర్దేస్తుంది. నెగటివ్‌లే కవర్లో పెట్టి పంపు. షెడ్డు ఫ్రేముల్లో పిక్కలు వలిచేవాళ్ళ చీర మడతల నీడ దగ్గర గీతన్నదే లేకుండా ఫిల్ము అద్దంలా కనిపిస్తే, నీ డిజిటల్ చెప్పే 400 నీ ఫిల్ముకి సరిపోలేదన్నమాట. నేను చూసి రాసేదాకా రెండో రోలు ఆపకు, డిజిటల్‌లో 250 పెట్టుకుని మొదలెట్టెయ్.

మీ పెదమావయ్య