మౌనం వహించిన జన్యువు

పాఠ్యభాగ పరిచయం

ఒకే వ్యాధితో బాధపడే ఇద్దరికి ఒకే మందు ఇచ్చినా ఒకరికి అది గుణమివ్వడం, మరొకరికి పనిచేయకపోవడం తరచుగా చూస్తుంటాం. దానిని విధి అని సరిపెట్టుకోవడం లోకరీతి. కారణమేమిటని ప్రశ్నించడం శాస్త్రజ్ఞుల రీతి. మెదడు కణితుల విషయంలో అటువంటి ప్రశ్నకు సమాధానం వెదికిన మోనికా హెగి పరిశోధనను పరిచయం చేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

మానవుని మెదడులో ఆలోచనకు, కదలికలకు మూలమైన నాడీకణాలతోపాటు, వాటికి ఆధారంగా నిలిచి పోషణకు తోడ్పడే గ్లియల్ కణాలు కూడా ఉంటాయి. ఈ తరహా కణాలు అదుపుతప్పి పెరగడం వల్ల ఏర్పడే కణితులను గ్లియోమాలు అంటారు. వాటిలో అత్యంత ప్రమాదకరమైనది గ్లియోబ్లాస్టోమా. ఈ కణితికి స్పష్టమైన సరిహద్దు ఉండదు. గోడలో మొలిచిన రావిమొక్క వేళ్లు పగుళ్లలోకి పాకినట్లు, దీని కణాలు చుట్టూ ఉన్న ఆరోగ్యకరమైన మెదడులోకి చొచ్చుకొనిపోతాయి. మాట, చూపు, జ్ఞాపకం వంటి శక్తులకు నిలయమైన భాగాలను శస్త్రవైద్యుడు ఇష్టానుసారం కోసివేయలేడు. కంటికి కనిపించినంత మేరకు కణితిని తొలగించినా, మిగిలిపోయిన కణాలు మళ్లీ పెరుగుతాయి.

శస్త్రచికిత్స తరువాత రేడియేషన్ ఇవ్వడమే చాలాకాలం వైద్యులు అనుసరించిన ప్రధాన మార్గం. క్యాన్సర్ మందులలో చాలావరకు ఈ వ్యాధిపై ఆశించినంతగా పనిచేయలేదు. రక్తంలోని పదార్థాలన్నీ మెదడులోకి చేరకుండా ప్రకృతి ఏర్పరచిన అవరోధాన్ని అవి దాటలేకపోవడం ఇందుకు ఒక కారణం. 1980లలో ఇంగ్లండులోని ఆస్టన్ విశ్వవిద్యాలయంలో మాల్కం స్టీవెన్స్ బృందం రూపొందించిన టెమోజోలమైడ్ అనే మందు ఆ అవరోధాన్ని దాటగలిగింది. క్యాప్సూల్ రూపంలో నోటి ద్వారా తీసుకొనే వీలుండడం దీనికి గల మరొక సౌలభ్యం.

ఈ మందు శక్తిని నిర్ధారించడానికి యూరప్, కెనడా పరిశోధన సంస్థలు కలిసి ఒక పెద్ద పరీక్ష చేపట్టాయి. రోజర్ స్టప్ అనే వైద్యుడు దీనికి నాయకత్వం వహించారు. 2000 ఆగస్టు నుండి 2002 మార్చి వరకు 85 వైద్యకేంద్రాలలో 573 మంది రోగులు ఇందులో చేరారు. కొందరికి రేడియేషన్ మాత్రమే ఇచ్చారు. తక్కినవారికి రేడియేషన్‌తోపాటు టెమోజోలమైడ్ ఇచ్చి, ఆ తరువాత కొన్ని నెలలు ఆ మందును కొనసాగించారు.

2005లో ఫలితాలు వెలువడ్డాయి. రేడియేషన్ మాత్రమే పొందినవారి మధ్యగత జీవనకాలం 12.1 నెలలు. మందు కూడా తీసుకొన్నవారిది 14.6 నెలలు. మధ్యగతమంటే రోగులలో సగం మంది అంతకంటె తక్కువ కాలం, సగం మంది అంతకంటె ఎక్కువ కాలం జీవించారని అర్థం. ఇంత శ్రమకు లభించినది రెండున్నర నెలలేనా అని ఎవరైనా నిరుత్సాహపడవచ్చు. కాని మరొక లెక్క వేరొక సంగతి చెప్పింది. రెండు సంవత్సరాలు దాటి జీవించినవారు మొదటి వర్గంలో 10.4 శాతం కాగా, రెండవ వర్గంలో 26.5 శాతం. అనగా మందు వల్ల కలిగిన మేలు అందరికీ సమానంగా పంపిణీ కాలేదు. కొందరికి అది ఎంతో మేలు చేసింది, మరికొందరికి దాదాపు ఏమీ చేయలేదు. ఆ కొందరు ఎవరు?

ఈ ప్రశ్నకు సమాధానం వెదికిన శాస్త్రవేత్త మోనికా హెగి. ఆమె స్విట్జర్లండులోని లొసాన్ విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో మెదడు కణితుల జీవశాస్త్రాన్ని, జన్యుశాస్త్రాన్ని పరిశోధించారు. రోగి శరీరాన్నే కాక, అతని కణితి స్వభావాన్ని కూడా పరిశీలిస్తే రహస్యం తెలుస్తుందని ఆమె బృందం భావించింది.

వారి పరిశోధనను గ్రహించాలంటే మందు పనిచేసే తీరు తెలియాలి. కణం విభజన చెందే ముందు తన డి.ఎన్.ఏ.కు ప్రతి తయారు చేసుకొంటుంది. ఇది లేఖకుడు తాళపత్ర గ్రంథానికి నకలు వ్రాయడం వంటిది. టెమోజోలమైడ్ ఆ గ్రంథంలోని అక్షరాలపై మిథైల్ అనే చిన్న రసాయనిక మచ్చను వేస్తుంది. మచ్చపడిన అక్షరాన్ని లేఖకుడు తప్పుగా చదువుతాడు. ఆ తప్పును సరిదిద్దుకోలేక కణం చివరకు నశిస్తుంది. అయితే ఎం.జి.ఎం.టి. అనే జన్యువు తయారుచేసే ప్రోటీను ఆ మచ్చను తుడిచివేస్తుంది. ఒక్కొక్క ప్రోటీను అణువు ఒక్క మచ్చను మాత్రమే తొలగించి, తాను నిరుపయోగమైపోతుంది. ఇది ఆరోగ్యకరమైన కణాలకు రక్షణ కల్పిస్తుంది. కాని క్యాన్సర్ కణానికీ అదే రక్షణ లభిస్తే మందు వ్యర్థమవుతుంది.

కొన్ని కణితులలో ఈ జన్యువు మౌనంగా ఉంటుంది. జన్యువును మేల్కొలిపే భాగాన్ని ప్రమోటర్ అంటారు. ఆ భాగానికి మిథైల్ సమూహాలు అంటుకొన్నప్పుడు జన్యువులోని అక్షరాలు మారవు గాని, కణం వాటిని చదవడం మానివేస్తుంది. గ్రంథం ఉంది, కాని దానికి ముద్ర వేసి మూసివేశారు. ఇందులో ఒక చమత్కారం ఉంది. మందు వేసే మచ్చ, జన్యువును మూసే ముద్ర, రెండూ మిథైలే. ఒకటి కణానికి గాయం చేస్తే, రెండవది ఆ గాయాన్ని మాన్పే శక్తిని అడ్డగిస్తుంది.

2000లో మానెల్ ఎస్టెల్లర్, అతని సహచరులు వేరొక మందు విషయంలో ఈ సంబంధాన్ని గుర్తించారు. 2004లో హెగి బృందం 38 మంది రోగులలో టెమోజోలమైడ్ విషయమై దానిని పరిశీలించింది. తరువాత స్టప్ నిర్వహించిన పెద్ద పరీక్షలో చేరినవారి కణితి నమూనాలను సేకరించి, 206 కణితులలో ఫలితాన్ని నిర్ణయించగలిగింది. వాటిలో 45 శాతం కణితులలో ప్రమోటర్‌కు మిథైల్ ముద్ర ఉంది. ముద్ర ఉన్నవారిలో రేడియేషన్ మాత్రమే పొందిన వర్గం మధ్యగత జీవనకాలం 15.3 నెలలు కాగా, మందు కూడా పొందిన వర్గానిది 21.7 నెలలు. ముద్ర లేనివారిలో ఈ అంకెలు వరుసగా 11.8, 12.7. రెండు పరిశోధనలూ 2005 మార్చిలో ఒకే వైద్య పత్రిక సంచికలో ప్రచురితమయ్యాయి.

ఈ చికిత్సాపద్ధతి నాటినుండి ప్రపంచమంతటా వ్యాపించింది. 2009లో ప్రకటించిన లెక్కల ప్రకారం, అయిదు సంవత్సరాలు జీవించినవారు రేడియేషన్ వర్గంలో 1.9 శాతం కాగా, మందు కూడా పొందిన వర్గంలో 9.8 శాతం. వృద్ధులలో మిథైల్ ముద్రను బట్టి మందునో రేడియేషన్‌నో ఎంచుకోవచ్చునని 2012 నాటి అధ్యయనాలు సూచించాయి. సూక్ష్మదర్శినిలో కనిపించే రూపాన్ని బట్టి మాత్రమే కాక, జన్యువులను బట్టి కూడా మెదడు కణితులను వర్గీకరించే పద్ధతి క్రమంగా స్థిరపడింది.

అయినా సమస్య తీరలేదు. మిథైల్ ముద్ర లేని కణితులే సగానికి పైగా ఉన్నాయి. మందు పెద్దగా పనిచేయదని పరీక్ష చెప్పినా, దానికంటె మేలైనది చేతిలో లేనప్పుడు ఆ కొద్దిపాటి ఆశను రోగికి నిరాకరించడం వైద్యునికి సులభం కాదు. వ్యాధిని ముందుగా తెలిసికోవడం ఒకటి, దానిని జయించడం మరొకటి. ఈ రెంటి మధ్య గల దూరాన్ని హెగి పరిశోధన దాచలేదు, స్పష్టంగా కొలిచి చూపింది.

ఆ 573 మందిలో అత్యధికులు ఫలితాలు వెలువడేనాటికే మరణించారు. తమకు మేలు జరుగుతుందో లేదో తెలియకుండానే వారు పరీక్షలో చేరారు. వారు విడిచి వెళ్లిన కణితి ముక్కలే తరువాతి రోగులకు దారి చూపాయి. శాస్త్రవేత్త మేధతోపాటు ఆ రోగుల ఔదార్యం కూడా ఈ విజయంలో భాగస్వామి.

కఠిన పదాలు – అర్థాలు

అవరోధం : అడ్డంకి
మధ్యగతం : క్రమంలో అమర్చిన అంకెలలో నడిమి విలువ
నకలు : ప్రతి
ఔదార్యం : ఉదార గుణం

ప్రశ్నలు

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్న
1. టెమోజోలమైడ్ కొందరికే ఎక్కువగా ఉపయోగపడడానికి గల కారణాన్ని హెగి బృందం ఎట్లు నిరూపించిందో వివరించండి.

ఆ) సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. గ్లియోబ్లాస్టోమాను శస్త్రచికిత్సతో పూర్తిగా తొలగించలేకపోవడానికి కారణాలేవి?
2. మిథైల్ సమూహం నిర్వహించే రెండు పాత్రలను తెలపండి.

ఇ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. టెమోజోలమైడ్‌ను ఏ విశ్వవిద్యాలయంలో రూపొందించారు?
2. ప్రమోటర్ అంటే ఏమిటి?