మనిషి కోతి నుంచి పుట్టిండా?

త్రిశరణ పంచశీల అయినంక ఈ పాఠం పిల్లలతో కలిసి చదవండి.

వనపర్తి చుట్టూ ఊర్లల్ల కోతులకు కొదవ లేదు. అందుకే జీవపరిణామం మాట ఎత్తగానే పిల్లలు అడుగుతారు: "మనిషి కోతి నుంచి పుడితే, ఈ కోతులు ఇంకా ఎందుకున్నయ్?" మంచి ప్రశ్న. కసరకండి, జవాబు చెప్పండి.

మొదటి అపోహ: మనిషి కోతి నుంచి పుట్టాడు.
డార్విన్ అట్ల చెప్పలేదు. మీరు మీ పెదనాయన కొడుకు నుంచి పుట్టలేదు కదా! ఇద్దరికీ తాత ఒక్కడే. మనకూ చింపాంజీకీ ఉమ్మడి పూర్వీకులు సుమారు 60-70 లక్షల ఏండ్ల కింద ఉండేవారు. మన పెంకులు పీకే కోతులతో చుట్టరికం ఇంకా పాతది.

రెండో అపోహ: పరిణామాన్ని ఎవరూ చూడలేదు, అది ఒట్టి ఊహ.
పత్తి రైతును అడగండి. బీటీ పత్తి మొదట్లో గులాబీ రంగు పురుగును చంపేది. తట్టుకునే గుణం ఉన్న కొన్ని పురుగులు మిగిలాయి. వాటి సంతానమే పెరిగింది. ఇప్పుడు అదే పత్తిలో పురుగు బతుకుతోంది. ఇదే ప్రకృతి వరణం.

మూడో అపోహ: బలవంతుడిదే బతుకు, కాబట్టి కులాల హెచ్చుతగ్గులు ప్రకృతి నియమం.
"యోగ్యులదే మనుగడ" అన్న మాట మొదట హెర్బర్ట్ స్పెన్సర్‌ది, తర్వాత డార్విన్ వాడుకున్నాడు. ఇక్కడ యోగ్యత అంటే ఉన్న పరిస్థితికి సరిపడి సంతానాన్ని మిగల్చడమే, గొప్పతనం కాదు. మన తాతలను బడికి, బాయికి దూరం పెట్టింది ప్రకృతి కాదు, మనుషులే. కులం రక్తాల తేడా కాదని బాబాసాహెబ్ 1936లో 'కుల నిర్మూలన'లో వాదించారు. వాసెట్ఠ సుత్తంలో బుద్ధుడు కూడా గడ్డికి, పురుగులకు, చేపలకు, పక్షులకు పుట్టుకతో తేడాలున్నాయి, మనుషుల్లో అలాంటివి లేవన్నాడు.

నాలుగో అపోహ: దశావతారాలే పరిణామ సిద్ధాంతం.
2019 జనవరిలో జలంధర్ సైన్స్ కాంగ్రెస్‌లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉపకులపతి జి. నాగేశ్వరరావు డార్విన్ కన్నా దశావతారాలే మెరుగైన సిద్ధాంతమన్నారు. కానీ పరిణామం మెట్ల వరుస కాదు, కొమ్మలేసే చెట్టు. తాబేలు పందిగా మారలేదు. పైగా ఆ వరుసలోనే బుద్ధుణ్ణీ విష్ణు అవతారంగా కలిపారు. 1956లో నాగపూర్‌లో బాబాసాహెబ్ ఇచ్చిన 22 ప్రతిజ్ఞల్లో ఐదోది దీన్నే తిరస్కరిస్తుంది.

మనకూ ఒక జాగ్రత్త. "అనిత్యం అన్నాడు కాబట్టి డార్విన్ చెప్పింది బుద్ధుడు ఎప్పుడో చెప్పిండు" అనకండి. అట్లంటే వాళ్లకూ మనకూ తేడా ఏముంది? గ్రంథంలో ఉందని నమ్మొద్దు, పరీక్షించి తెలుసుకోండి అనేదే కాలామ సుత్తం బోధ.

2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకం నుంచి పరిణామ పాఠం తీసేసింది. 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు అభ్యంతరం చెప్పారు. బడిలో తీసేసిన పాఠాన్ని మనం విహారంలో చెప్పుకుందాం.

చర్చించండి:
1. పురుగు తానే మారిందా, తట్టుకునే పురుగులే మిగిలాయా?
2. కులానికి ప్రకృతిని సాక్ష్యం తెచ్చేవారికి మీరేం చెబుతారు?