అప్‌గ్రేడు చేసిన మరునాడు: డెస్క్‌టాప్ సపోర్టు వృత్తికి వలసిన సాధన

ఆపరేటింగ్ సిస్టమును పాత సంచికనుండి క్రొత్త సంచికకు మార్చిన మరునాటి ఉదయమున కార్యాలయపు ఐటీ విభాగమునందలి ఫోను మ్రోగినంత ఎడతెగక మఱి ఏ దినమునను మ్రోగదు. ఒకరికి తెర నల్లగా నిలిచిపోయినది. ఒకరికి పాస్‌వర్డు సరిగానే కొట్టినను లాగిన్ తెరయే మరల మరల ఎదురగుచున్నది. ఒకరికి ప్రింటరు కానరాదు. మఱియొకరికి అన్నియు సవ్యముగనే యున్నను, నిన్నటి గుర్తు నిన్నటి చోట లేనందున చేయి ఆడదు. ఈ నలుగురికిని ఓపికతో సమాధానము చెప్పి, మధ్యాహ్న భోజనమునకు ముందే వారిని తిరిగి తమ పనులలో కూర్చుండబెట్టగలవారినే డెస్క్‌టాప్ సపోర్టు ఇంజనీరు అందురు.

ఈ అవసరము ఒక్కనాటితో తీరునది కాదు. ఉబుంటు అను లినక్స్ సిస్టములో దీర్ఘకాల మద్దతు గల సంచికలు రెండేండ్లకొకసారి ఏప్రిల్ మాసమున వెలువడుచుండును; ఒక్కొక్కదానికి సాధారణ మద్దతు 5 సంవత్సరములు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఇచ్చుచుండిన సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసినది. విండోస్ 11 వేయవలెనన్నచో భద్రతకై వలసిన టీపీఎమ్ 2.0 చిప్పు మొదలైన నియమములు అడ్డువచ్చుటచే, పాత యంత్రములను ఏమి చేయవలెనను ప్రశ్న కార్యాలయములకును, కళాశాలలకును, చిన్న దుకాణములకును ఒక్కసారిగా ఎదురైనది. మార్పక తప్పదు, మార్చినప్పుడెల్ల ఎక్కడనో యొక చోట ఏదో చిక్కు రాకయు తప్పదు. ఆ చిక్కును విప్పు విద్యను జీవనోపాధిగా గైకొనదలచిన వారికొఱకే ఈ వ్యాసము.

ఇందు మొట్టమొదట చెప్పవలసిన మాట ఒకటి కలదు. ఉద్యోగమిచ్చువారు మీకు కంఠస్థమైన చిట్కాలకు జీతమీయరు. చిట్కాలు సంచికతోపాటే పాతబడిపోవును. దోషమున్న చోటును క్రమక్రమముగా కుదించుకొనుచు పోగల విచారణశక్తియు, ఆ విచారణను పరులకు తెలియునట్లు వ్రాసియుంచు అలవాటును మాత్రము ఏ సంచిక వచ్చినను పాతబడవు. చివరి మడికి నీరందనప్పుడు అనుభవము గల రైతు మడిలో నిలిచి చింతింపడు. తూము వద్ద నీరున్నదో లేదో చూచి, కాలువగట్టు వెంట నడచి, తడి ఎచ్చట ఆగినదో అచ్చట గండి వెదకును. ఈ వృత్తియందలి మర్మమంతయు ఇంతియే.

మార్పు వేరు, దోషము వేరు

అప్‌గ్రేడు అనంతరము వచ్చు ఫిర్యాదులన్నియు దోషములు కావు. విండోస్ 11 వెలువడినప్పుడు స్టార్ట్ బటను ఎడమ మూలనుండి నడిమికి చేరినది. టాస్క్‌బారును తెర పైకిగాని ప్రక్కకుగాని జరుపుకొను సౌకర్యము అందు లోపించినది. ఇవి చెడిపోయినవి కావు, మార్చబడినవి. లినక్స్ లోకమునను ఇట్టి కథయే జరిగినది. 2011లో గ్నోమ్ అను డెస్క్‌టాపు యొక్క 3వ సంచిక వెలువడి పాత రూపమునే మార్చివేయగా, లినక్స్ కెర్నెల్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ అంతటివాడు విసిగి ఎక్స్‌ఎఫ్‌సీఈ అను మఱియొక డెస్క్‌టాపునకు మరలినాడు. పాత రూపమును విడువనొల్లనివారు గ్నోమ్ 2ను ఆధారముగ చేసికొని మాటే అను డెస్క్‌టాపును నిర్మించుకొన్నారు. అంతటి నిపుణులకే అలవాటు తప్పుట అంత బాధాకరమైనప్పుడు, ఇరువదియేండ్లుగ ఒకే చోట నొక్కుటకు అలవాటుపడిన గుమాస్తా విసుగుకొనుట వింత కాదు. అట్టివారికి కావలసినది మరమ్మతు కాదు; ప్రక్కన కూర్చుండి, క్రొత్త చోటు చూపి, వీలైనచో పాత అమరికను తెచ్చిపెట్టు సౌజన్యము. ఫిర్యాదు వినిన క్షణమున ఇది మార్పా, దోషమా అని విడదీయ నేర్చినవారికి సగము పని తేలికపడును.

ఒక దోషమును దగ్గరనుండి చూతము

ఉబుంటు 22.04 నుండి 24.04కు మార్చిన యంత్రమును ఒకదానిని ఉదాహరణముగా తీసికొందము. ఈ మార్పుతో గ్నోమ్ 42 పోయి గ్నోమ్ 46 వచ్చును. నడుమనున్న 45వ సంచికలో డెస్క్‌టాపునకు అదనపు సౌకర్యములు చేర్చు ఎక్స్‌టెన్షన్లను వ్రాయు పద్ధతియే మారినందున, పాత పద్ధతిలో వ్రాసినవి వాని కర్తలు సవరించి యిచ్చువరకు పనిచేయవు. అప్‌గ్రేడు సమయమున బయటివారి ప్యాకేజీ మూలములు నిలిపివేయబడును, కెర్నెల్ మారును, ఎన్‌విడియా వంటి గ్రాఫిక్స్ కార్డుల డ్రైవరు ఆ క్రొత్త కెర్నెల్‌కు తగినట్లు మరల నిర్మింపబడవలెను. ఇన్ని మారినవని ఎఱిగినవారు, తెర నల్లబడినదని వినినంతనే, అనుమానింపదగిన చోట్లను మనస్సులో వరుసగా నిలుపుకొనగలరు.

నలుపు లాగిన్‌కు ముందా, తరువాతనా అనునది మొదటి ప్రశ్న. ముందే యైనచో, యంత్రము ఆరంభమగునప్పుడు గ్రబ్ పట్టికనుండి పాత కెర్నెల్‌ను ఎన్నుకొని చూడవలెను. పాతదానితో తెర వెలిగి క్రొత్తదానితో వెలుగనిచో, డ్రైవరు క్రొత్త కెర్నెల్‌కు నిర్మింపబడలేదని అనుమానించుట సమంజసము. లాగిన్ తెర కనబడి, పాస్‌వర్డు కొట్టిన పిమ్మట మరల అదియే ప్రత్యక్షమగుచున్నచో, కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 మీటలను కలిపి నొక్కి, అక్షరములతో మాత్రమే నడచు కన్సోలులో ప్రవేశింపవలెను. అచ్చట అదే పాస్‌వర్డు చెల్లినయెడల పాస్‌వర్డుపై నింద తొలగినది. తరువాత డిస్కులో ఖాళీ యున్నదో లేదో చూడవలెను. డిస్కు పూర్తిగా నిండినప్పుడు డెస్క్‌టాపు తన చిన్న చిన్న ఫైళ్ళను వ్రాసికొనజాలక లాగిన్ తెరకే తిరుగుముఖము పట్టును. ఖాళీ యున్నచో హోమ్ ఫోల్డరులోని ఫైళ్ళ యాజమాన్యమును పరిశీలింపవలెను. ఎప్పుడో రూట్ అను అధికార వినియోగదారుగ నడపిన యొక ప్రోగ్రాము కారణమున అమరికల ఫైలు రూట్ పేర మారియున్నచో, ఆ వినియోగదారుకు తన ఇంటిలో తనకే ప్రవేశము లేకపోవును.

ఇంతటను తేలనప్పుడు, అన్నింటికంటె విలువైన పరీక్ష మిగిలియున్నది: క్రొత్త వినియోగదారు ఖాతా నొకదానిని సృష్టించి దానితో లాగిన్ కావలెను. క్రొత్త ఖాతా చక్కగ తెరచుకొన్నచో యంత్రము నిర్దోషి. పాత ఖాతాలోని అమరికలే దోషులు. అప్పుడు అమరికల ఫోల్డరును తొలగింపరాదు. పేరు మాత్రము మార్చి యుంచవలెను, ఏలయనగా అందు ఆ వ్యక్తి యేండ్ల తరబడి కూర్చుకొన్న అమరికలు ఉండును. క్రొత్త ఖాతాయు తెరచుకొననిచో, లాగిన్ తెరలోని పళ్ళచక్రపు గుర్తును నొక్కి, తెరను చిత్రించు క్రొత్త యంత్రాంగమైన వేలాండ్‌కు బదులుగా పాతదైన ఎక్స్‌ఆర్గ్ సెషన్‌ను ఎన్నుకొని చూడవచ్చును. అయితే ఉబుంటు 25.10 నుండి గ్నోమ్‌కు ఈ ఎక్స్‌ఆర్గ్ సెషన్ లేదు; ఇట్టి చిట్కాలకు ఆయుష్షు అల్పమనుటకు ఇదియే నిదర్శనము. తుదకు జర్నల్‌సీటీఎల్ అను ఆదేశముతో యంత్రము వ్రాసికొన్న దినచర్యను తెరచి, లాగిన్ విఫలమైన నిమిషమునకు నేరుగా పోయి చదువవలెను. దోషమును తెలుపు మొదటి ఎఱ్ఱవరుసను మాత్రమే పట్టుకొనుడు; దాని వెనుక వచ్చునవి పెక్కుమార్లు దాని సంతానమే.

తెలుగు డీటీపీ బల్లవద్ద

తెలుగునాట పనిచేయువారికి మఱియొక ప్రత్యేక చిక్కు ఎదురగును. మన డీటీపీ కేంద్రములలోను, ముద్రణాలయములలోను యూనికోడ్‌కు పూర్వపు ‘అను’ ఫాంట్లతో కూర్చిన ఫైళ్ళు నేటికిని వాడుకలో నున్నవి. ఈ ఫాంట్లలో తెలుగు అక్షరములు ఆంగ్లాక్షరముల స్థానములలో దాగియుండును. కావున అప్‌గ్రేడు పిమ్మట ఫాంటు లేకపోయినచో, పెండ్లి శుభలేఖ యంతయు అర్థము లేని ఆంగ్లాక్షరముల రాశిగ కనబడి, ఆపరేటరు ఫైలు పాడైనదని తల్లడిల్లును. ఫైలు పాడు కాలేదు. ఫాంటును మరల స్థాపించిన మాత్రమున అక్షరములు తిరిగివచ్చును. పోతన, వేమన వంటి యూనికోడ్ ఫాంట్లతో కూర్చిన ఫైళ్ళకు ఈ గతి పట్టదు. ఫాంటు లేకున్నను మఱియొక యూనికోడ్ ఫాంటు ఆ తెలుగును చూపగలదు. ఈ భేదమును విశదపరుపగల యువకుడు తన యూరి డీటీపీ కేంద్రములలోనే తొలి అనుభవమును సంపాదింపవచ్చును.

ఇంటివద్ద సాధన

8 జీబీ మెమరీ గల సామాన్యమైన కంప్యూటరు చాలును. కంప్యూటరులోనే మఱియొక కంప్యూటరును నడపు, ఉచితముగ లభించు వర్చువల్‌బాక్స్‌లో 4 జీబీ మెమరీ, 40 జీబీ డిస్కు కేటాయించి ఉబుంటు 22.04ను స్థాపింపుడు. అప్‌గ్రేడుకు ముందు స్నాప్‌షాట్ తీసికొనుడు; ఎంత చెడినను నిమిషములలో పూర్వస్థితికి రావచ్చును. పిమ్మట 24.04కు మార్చి, ఇక బుద్ధిపూర్వకముగ చెడగొట్టుడు: డిస్కును పెద్ద ఫైలుతో నింపుడు, అమరికల ఫోల్డరు యాజమాన్యమును రూట్‌కు మార్చుడు, పాత ఎక్స్‌టెన్షన్ నొకదానిని తెచ్చి పెట్టుడు. మిత్రుడొకడు రహస్యముగ చెడగొట్టియిచ్చినచో మఱియు మేలు. ప్రతిసారియు లక్షణము, అనుమానము, పరీక్ష, ఫలితము, నివారణము అను అయిదు వరుసలలో వ్రాసి యుంచుకొనుడు. గ్రాఫిక్స్ డ్రైవరుల చిక్కులు మాత్రము వర్చువల్ యంత్రములో యథాతథముగ దొరకవు. వానికై నిజమైన పాత డెస్క్‌టాపు నొకదానిని సంపాదించుట ఉత్తమము.

చదువులు, పరీక్షలు, మెట్లు

ఈ వృత్తికి బీటెక్ పట్టా అనివార్యము కాదు. పదవ తరగతి పిమ్మట ఐటీఐలో ఒక సంవత్సరపు కోపా ట్రేడు చదివినవారును, డిప్లమో, బీఎస్సీ, బీకాం కంప్యూటర్స్ వారును ఇందు ప్రవేశింపవచ్చును. సర్టిఫికెట్లలో కాంప్‌టియా ఎ ప్లస్ రెండు పరీక్షలతో కూడినది. హార్డ్‌వేరు, ఆపరేటింగ్ సిస్టములు రెండింటిని స్పృశించును. లినక్స్ వైపు పోదలచినవారికి ఎల్‌పీఐసీ-1లోను రెండు పరీక్షలు గలవు. రెడ్ హ్యాట్ వారి ఆర్‌హెచ్‌సీఎస్‌ఏలో ప్రశ్నలకు గుర్తులు పెట్టుట యుండదు. యంత్రము మీదనే పనిచేసి చూపవలెను.

ఉద్యోగమున తొలిమెట్టు ఎల్1: ఫోనుకు బదులు చెప్పుట, టికెట్టు వ్రాయుట, తెలిసిన చిక్కులను పరిష్కరించుట. తెలియనివానిని లోతుగా విచారించువారు ఎల్2. వేలకొలది యంత్రముల అప్‌గ్రేడునే యోజన చేయువారు ఆ పైవారు. రాత్రి షిఫ్టులు ఉండును. విసిగినవారి మాటలు వినవలసివచ్చును. ఇవి ముందుగనే తెలిసియుండుట మేలు.

ఇంటర్వ్యూలో

“అప్‌గ్రేడు తరువాత తెర నల్లగా ఉందని ఫోన్ వచ్చింది. ఏం చేస్తారు?” అను ప్రశ్న ఏదో యొక రూపమున రాక మానదు. “మళ్ళీ ఇన్‌స్టాల్ చేస్తానండీ” అన్నవారు, వినియోగదారు ఫైళ్ళను, దోషమునకు గల సాక్ష్యమును ఒక్క మాటతో తుడిచివేసినవారగుదురు. నేర్పరి మొదట ప్రశ్నించును: “మేడమ్, తెర మీద మౌస్ బాణం కదులుతోందా?” “కదులుతోందండీ, ఇంకేమీ కనిపించడం లేదు.” ఈ ఒక్క సమాధానముతో తెరను చిత్రించు యంత్రాంగము పనిచేయుచున్నదనియు, దాని మీద నిలువవలసిన డెస్క్‌టాపు మాత్రమే లేవలేదనియు చాలవరకు తేలిపోవును. పిమ్మట అడుగవలసినది ఫైళ్ళు ఎచ్చట దాచినారని. ఆ తరువాత అప్‌గ్రేడు ఏ దినమున జరిగినదని, ఏలయనగా విండోస్ 11లో పాత సంచికకు మరలుటకు సాధారణముగ 10 దినములే గడువు.

ఈ యేట ఉద్యోగము వెదకువారు సర్టిఫికెట్టుకు రుసుము కట్టుటకు ముందే, పైన చెప్పిన అయిదు వరుసల నివేదికలను ఇరువదింటిని వ్రాసి ముగింపుడు. వానిని చక్కగ కూర్చి ఇంటర్వ్యూకు తీసికొనిపొండు. ఎదుటివారు అందులో ఏదో యొక పుట తెరచి ప్రశ్నింపగా, ఆ పరీక్షనే ఎందుకు ముందు చేసితిరో చెప్పగలిగినచో, ఆ సంభాషణము మీకు తెలిసిన విషయము మీదనే సాగును. చెప్పలేనిచో, ఇంకను సాధన చేయవలసిన చోటు ఏదో మీకే తెలియవచ్చును.