అతుకుల బొంత

పత్రికలు చదివే అలవాటున్న వారికి ‘అతుకుల బొంత’ అనే పలుకుబడి సుపరిచితమే. పొసగని పక్షాలు కొన్ని చేరి ప్రభుత్వాన్ని ఏర్పరచినప్పుడు దానిని అతుకుల బొంత అని పరిహసించడం మన పాత్రికేయులకు పరిపాటి. ఏకసూత్రత లేని వ్యాసాన్ని విమర్శకులు ఆ మాటతోనే తీసిపారేస్తారు. ఇలా అనేవారిలో ఎన్నడైనా బొంత కుట్టినవారు ఎందరున్నారో నాకు సందేహమే. ఒకే మగ్గం మీద ఒకే రంగు నూలుతో నేసిన దుప్పటికి పొందిక అప్రయత్నంగా వస్తుంది. వేర్వేరు చీరల నుండి, వేర్వేరు సంవత్సరాల నుండి వచ్చిన ముక్కలను ఒక్క దారానికి కట్టుబడేటట్లు చేయడమే కష్టం.

బొంతకాకి, బొంతజెముడు అనే మాటలను విద్యార్థులు వినే ఉంటారు. వాటిలో ‘బొంత’కు దళసరి, మోటు అనే భావం స్ఫురిస్తుంది. పాతబట్టలను పొరలుగా పేర్చి కుట్టిన పరుపు కూడా దళసరిదే. పశువుల వీపున బరువు కింద వేసే మెత్తను గంత అంటారు. ఇద్దరి జోడీ కుదిరిందని ఎగతాళిగా చెప్పవలసి వచ్చినప్పుడు ‘గంతకు తగ్గ బొంత’ అనడం ఇందువల్లనే. సంస్కృతంలో దీనికి కంథ అని పేరు. భజగోవింద స్తోత్రంలో, వీధిలో దొరికిన పేలికలతో కుట్టిన కంథను ధరించిన యోగి కనిపిస్తాడు. బౌద్ధ వినయపిటకంలో ఇంతకంటె రమ్యమైన ఉదంతం ఉన్నది. గట్లతో చతురస్రాలుగా విభక్తమైన మగధ దేశపు పొలాలను బుద్ధుడు ఆనందునికి చూపి, భిక్షువుల చీవరాన్ని ఆ తీరున కూర్చగలవా అని అడిగాడట. ఆనందుడు ముక్కలు కోసి, కుట్లనే గట్లుగా నిలిపి, పొలం వంటి వస్త్రాన్ని సిద్ధం చేశాడు. ముక్కలు అతికిన బట్టను చూచి నవ్వేవారు ఈ కథను ఒకసారి తలచుకోవాలి.

ఇక మన సీమకు వద్దాం. కర్నూలు, కడప ప్రాంతాలలో ఏడాదికి కురిసే వాన ఇంచుమించు 700 మిల్లీమీటర్లు. అది కూడా అదనుకు పడుతుందన్న భరోసా లేదు. 1876–78 నాటి ధాత కరువు ఈ ప్రాంతాన్ని ఎంతగా పీడించిందో చరిత్ర చెబుతుంది. అయినా ఇదే నేలలో, కుందూ నది పరీవాహకంలోని నల్లరేగడిలో పత్తి పండింది. ఆదోని రాష్ట్రంలోని పెద్ద పత్తి విపణులలో ఒకటిగా పేరుపొందింది. ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘాన్ని స్థాపించారు. కడప వైపు ఒంటిమిట్ట దగ్గరి మాధవరం చీరలకు ప్రసిద్ధి. కనుక నూలుబట్ట ఇక్కడి వారికి అపురూపమైనది కాదు. కానీ కొన్న బట్టను చివరి పోగు వరకు వాడుకొనక తప్పని జీవనం వారిది. చీర పాతబడితే సగం చించి పిల్లకు లంగా కుట్టేవారు. అదీ చిరిగితే ఉయ్యాలలో పరిచేవారు. మిగిలినది బొంతలో చేరేది.

బొంత కుట్టడానికి తగిన కాలం వేసవి. పొలం పనులు ఉండవు, పిల్లలకు బడి ఉండదు. ఎనిమిదేండ్ల పాపతో కలిసి ఒక చిన్న బొంత కుట్టదలచుకొన్న అవ్వ ఏయే పనులు చేస్తుందో చూద్దాం.

ముందుగా పాత నూలుచీరలను ఉడుకునీళ్లలో ఉతికి ఎండలో ఆరవేయాలి. రంగు వెలిసిపోయిన చీర అడుగుకు, రంగు నిలిచిన ముక్కలు పైకి. కొత్త ఎర్రగుడ్డ ఏదైనా కలుపుతున్నట్లయితే దానిని విడిగా రెండు మూడుసార్లు నీళ్లలో జాడించి, రంగు దిగడం ఆగిన తరువాతనే చేర్చాలి. లేకపోతే తొలి ఉతుకులోనే పక్కనున్న తెల్లముక్క గులాబీ రంగుకు తిరుగుతుంది. చీర పొడవు సుమారు ఐదున్నర మీటర్లు. దానిని నాలుగు మడతలు పెడితే, పాప కప్పుకోవడానికి సరిపోయే నాలుగు పొరల అడుగు ఏర్పడుతుంది. పెద్దవారికి కుట్టేటప్పుడు మాత్రం చీరను అడ్డంగా రెండుగా కత్తిరించి, ఆ రెండు సగాలను పక్కపక్కన చేర్చి వెడల్పు పెంచాలి.

మన ప్రాంతపు ఇళ్లలో ఈ పనికి నేలే తోడ్పడుతుంది. బేతంచెర్ల, ఎర్రగుంట్ల గనుల నుండి వచ్చిన నాపబండలు చదరంగా పరచి ఉంటాయి. చీర అంచును బండల సందుకు సరిగా పెట్టి, నాలుగు మూలలా బరువుగా రాళ్లు ఉంచితే వంకర రాదు. పొరల నడుమ ముడత లేకుండా చేత్తో సవరించడం పాపకు అప్పగించవచ్చు. ఆ మీదట పొరలు కదలకుండా పెద్ద పెద్ద టాకాలు వేయాలి. పని పూర్తయిన తరువాత వీటిని లాగివేస్తారు.

అప్పుడు ముక్కల వంతు. జానెడు చదరపు ముక్కలు వరుసకు ఐదు చొప్పున ఆరు వరుసలు, మొత్తం ముప్పై కావాలి. ఇక్కడే ఒక తగవు పుడుతుంది. ఎవరి జానె? అవ్వ జానెకు, పాప జానెకు మధ్య తేడా ఉంటుంది. పాప కొలిచి కత్తిరించిన ముక్క చిన్నదవుతుంది. అవ్వ జానె ప్రకారం ఒక అట్టముక్కను కోసి ఇస్తే ఈ చిక్కు తీరుతుంది. అంచులను చుట్టూ లోపలికి మడవాలి కాబట్టి ప్రతి వైపునా వేలెడంత ఎక్కువగా ఉంచి కత్తిరించాలి. కొలతకు ప్రమాణం అవసరమని పాఠశాలలో ఎన్నిసార్లు చెప్పినా అంటని పిల్లకు అది ఇక్కడ అవగతమవుతుంది.

రంగుల ఎంపిక పూర్తిగా పాపదే కావాలని నా అభిప్రాయం. మామిడాకు పచ్చ పక్కన వంకాయరంగు పెట్టినా పెట్టనివ్వాలి. పెద్దలు సర్దిన బొంత చూడముచ్చటగా ఉండవచ్చు గాని, పాప దానిని తనదిగా భావించదు.

కుట్టు కష్టమైనదేమీ కాదు. సూదిని కిందికి దించి, పైకి తీసి, ముందుకు సాగడమే. నడుమ నుండి మొదలుపెట్టి అంచుల వైపు పోతే ముడత బయటికి జారిపోతుంది. వరుసకు వరుసకు రెండు వేళ్ల ఎడం చాలు. దారం చేయి చాపినంత పొడవుకు మించితే చిక్కుపడుతుంది. అయితే ఈ పనిలో అవ్వకు, మనవరాలికి ఉన్న అవసరం పరస్పరమైనది. అవ్వ కళ్లకు సూదిబెజ్జం ఆనదు. పాప చేతికి ఆరు పొరలలో సూదిని దించే బలం చాలదు. “పాపా, దారం ఎక్కియ్యమ్మా” అని పూటకు ఇరవైసార్లు పిలవవలసి వస్తుంది. పాప దారపుకొన తడిపి, కన్ను చికిలించి బెజ్జంలో దూర్చి ఇస్తుంది. బొంతలు కుట్టే వాకిళ్లలో పిల్లలు అక్కరకు వచ్చేవారే గాని అడ్డుగా తిరిగేవారు కారు. పలుచని అంచుల దగ్గర పాపకే సూది ఇవ్వవచ్చు. అవ్వ కుట్టు బియ్యపుగింజంత, పాప కుట్టు చిక్కుడుగింజంత. పాప నిద్రపోయిన తరువాత వాటిని విప్పి మళ్లీ కుట్టే పెద్దలు కూడా ఉంటారు. అది అన్యాయం.

చేతులు పని చేస్తున్నంతసేపు మాటలు సాగుతాయి. ఇది మీ అమ్మ సీమంతానికి పెట్టిన చీర. ఇది మీ అత్త పదో తరగతిలో కట్టిన లంగా. ఇది నేను కరువు పనికి పోయినప్పటి కోక, చూడు, భుజం దగ్గర ఎట్లా అరిగిందో. 2006లో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం ప్రారంభమైన తరువాత ఆ పనిని కూడా సీమ ప్రజలు కరువు పని అనే పిలిచారు. ఈ పేరు ఏ పాఠ్యగ్రంథమూ నేర్పక ముందే పాపకు ఒక గుడ్డముక్క ద్వారా తెలుస్తుంది.

ఈ విద్య మన ఒక్కరిదే కాదు. ఆదోని దాటి కన్నడ సీమలో అడుగుపెడితే ఇదే కౌది. మరాఠీలో గోధడి. వంగదేశంలో కాంథా, అక్కడి స్త్రీలు పాత చీరల అంచుల నుండి లాగిన రంగుపోగులతోనే పువ్వులు, పక్షులు కుట్టారు. అమెరికాలోని అలబామా రాష్ట్రంలో జీస్ బెండ్ అనే చిన్న ఊరున్నది. ఒకనాడు పత్తితోటలలో బానిసలుగా బతికినవారి సంతతి అక్కడ నివసిస్తారు. ఆ ఊరి స్త్రీలు పాత పనిబట్టలతో కుట్టిన బొంతలను 2002లో హ్యూస్టన్ లలితకళా ప్రదర్శనశాలలో ప్రదర్శించారు. 2006లో అవి అమెరికా తపాలాబిళ్లలపైకి ఎక్కాయి. వాటిలో ఒక బొంతను మిస్సూరి పెట్‌వే అనే స్త్రీ 1942లో, భర్త మరణించిన తరువాత, ఆయన పొలంలో తొడిగిన బట్టలతో కుట్టింది. ఆయనను తలచుకొంటూ దానిని కప్పుకోవాలన్నదే ఆమె కోరిక అని కూతురు ఆర్లాంజియా తరువాతి కాలంలో చెప్పింది. మోకాళ్ల దగ్గర వెలిసిన రంగు ఆ బొంతలో ఇప్పటికీ కనబడుతుంది.

మన పల్లెలలో బొంత తరిగిపోవడానికి సోమరితనం కారణమని కొందరు పెద్దలు అంటారు. నేను అంగీకరించను. గత శతాబ్దపు చివరి దశాబ్దాలలో నూలుచీర స్థానాన్ని పాలియెస్టరు చీర ఆక్రమించింది. అది చౌక, ఉతకడం సులభం, త్వరగా చిరగదు. కానీ చెమటను పీల్చదు. పొరలుగా పేరిస్తే జారిపోతుంది. పాతబడిన నూలుకు ఉండే మెత్తదనం దానికి ఎన్ని ఉతుకులకూ రాదు. ముడిసరుకే కరువైనప్పుడు పనితనం మాత్రం ఎట్లా నిలుస్తుంది? ఇప్పుడు బొంత కుట్టాలంటే పెట్టె అడుగున మిగిలిన రెండు మూడు నూలుచీరలు వెదకాలి. వాటిని గుర్తుపట్టి చెప్పగల అవ్వలు కూడా ప్రతి ఇంటా లేరు.

ఉన్నచోట మాత్రం ఆ బొంతకు ఇంకొక పని పడుతుంది. కోసిగి, మంత్రాలయం, ఆదోని ప్రాంతాల నుండి ఏటా కోతల వేళ కుటుంబాలు గుంటూరు వైపు మిరపతోటలకు తరలిపోతాయి. సుగ్గికి పోవడం అని దానికి పేరు. బియ్యం మూట, గిన్నెలు, వాటిపైన చుట్టిన బొంత, సామానంతా అంతే. మిరపచేల పక్కన వేసుకున్న గుడిసెలో, పుష్యమాసపు చలిలో, నేలమీద పరచుకోవడానికి అదే ఆధారం. బడి మానకూడదని పిల్లను అవ్వ దగ్గర విడిచిపెట్టే తల్లులు ఉన్నారు. అటువంటి ఇంట్లో వేసవిలోనే రెండు బొంతలు కుట్టిపెట్టుకుంటారు. రెండింటిలోనూ ఒకే చీర ముక్కలు పడేటట్లు చూస్తారు. ఒకటి తల్లితో పోతుంది. రెండవది పిల్ల దగ్గర ఉంటుంది. తల్లి తిరిగి వచ్చేంతవరకు దానిని ఉతకనివ్వదు.