కంప్యూటరునందు మెమరీ పంపకము

మన దోమలగూడకు సమీపముననే, చిక్కడపల్లియందు, నగర కేంద్ర గ్రంథాలయము గలదు. ఉద్యోగ పరీక్షలకు చదువు యువతీయువకులు అచ్చట చోటుకొఱకు పోటీపడుదురు. ఒకడు వేకువనే వచ్చి, మధ్యాహ్నమునకు రానున్న నలుగురు మిత్రులకొఱకు నాలుగు కుర్చీలపై రుమాళ్లు వేసెననుకొందము. కుర్చీలు ఖాళీగనే యున్నవి. అయినను వాకిట నిలిచినవానికి చోటు లేదు. కంప్యూటరు మెమరీని పంచుటయందును ఇట్టి చిక్కే గలదు. దాని నెట్లు తీర్చిరో విద్యార్థులకు తెలియునట్లు వివరింప బూనితిమి.

కంప్యూటరునందు ఏకకాలమున పెక్కు ప్రోగ్రాములు నడచుచుండును. వానికి మెమరీని పంచియిచ్చు అధికారి కెర్నెల్. ఇది ఆపరేటింగు సిస్టమునకు మూలభాగము. కెర్నెల్ మెమరీని పేజీలను సమభాగములుగ విభజించును. మనము వాడు యంత్రములలో పెక్కింట ఒక పేజీ 4,096 బైట్లు; ఆ లెక్కను 1 జీబీ మెమరీయందు 2,62,144 పేజీలుండును. ప్రతి ప్రోగ్రామునకును ఒక్కొక పట్టిక యుండును. ప్రోగ్రాము ఎఱిగిన పేజీ, యథార్థమున మెమరీలో ఎచ్చట నున్నదో ఆ పట్టిక తెలుపును.

ఈ ఏర్పాటు క్రొత్తది గాదు. 1962లో ఇంగ్లండునందలి మాంచెస్టరు విశ్వవిద్యాలయమున పని ప్రారంభించిన అట్లాస్ కంప్యూటరునందే ఇది యుండెను. టామ్ కిల్బర్న్ మొదలగువారు అందు చిన్న మెమరీని, తిరుగుచుండెడు పెద్ద డ్రమ్మును జోడించి, ప్రోగ్రామునకు రెండును ఒక్కటిగ తోచునట్లు చేసిరి. కావలసిన పేజీ డ్రమ్మునుండి మెమరీకి తనంత వచ్చెడిది.

పంపకమునకు రెండు పద్ధతులు గలవు. మొదటిది ముందస్తు కేటాయింపు: ప్రోగ్రాము 1 జీబీ కోరిన తోడనే 2,62,144 పేజీలును దానికి ఒప్పగింపబడును. రెండవది అక్కఱ కలిగినపుడు కేటాయించుట: కెర్నెల్ కోరికను నమోదు చేసికొని ఊరకుండును. ప్రోగ్రాము ఒక పేజీని మొదటిసారి తాకగానే, ప్రాసెసరు పనిని నిలిపి కెర్నెల్‌ను పిలుచును. దీనికి పేజీ ఫాల్ట్ అని పేరు. పేరున ఫాల్టేగాని దోషము గాదు. కెర్నెల్ అప్పుడొక ఖాళీ పేజీని సున్నలతో నింపి యిచ్చును. ప్రోగ్రాము ఏమియు నెఱుగక ముందునకు సాగును. 1,000 పేజీలను మాత్రమే తాకిన ప్రోగ్రామునకు 1,000 పేజీలే ఖర్చు; మిగిలినవి యితరులకు దక్కును.

అంతమాత్రమున రెండవదియే మేలని తలంపరాదు. 1991లో పుట్టిన లినక్స్ కెర్నెల్, సామాన్యముగ, ఉన్నదానికంటె నెక్కువ మెమరీని వాగ్దానము చేయుటకు సమ్మతించును. అందఱును ఒక్కసారి తమతమ భాగములను తాకినచో, ఇచ్చుటకు పేజీలుండవు. అప్పుడు కెర్నెల్ ఒక ప్రోగ్రామును ఎన్నుకొని బలవంతముగ ముగించును. అందు భద్రపఱుపని పని యంతయు నష్టమగును. ముందస్తు పద్ధతియందైనచో, చాలనపుడు మొదటనే లేదని చెప్పవచ్చును. మఱియు ప్రతి పేజీ ఫాల్టునకును కొంత కాలము పట్టును. పేజీ డిస్కునుండి రావలసినచో ఇంకను ఎక్కువ. కర్మాగారమున యంత్రహస్తమును నడుపు ప్రోగ్రాము నడిమధ్య ఆగరాదు గదా! కావుననే అట్టి ప్రోగ్రాములు తమ పేజీలను ముందుగనే రప్పించుకొని, అవి డిస్కునకు పోకుండ బిగించుకొనును. లినక్స్ అందులకు ప్రత్యేకమైన ఆజ్ఞల నొసగుచున్నది.

కావున ఏ పద్ధతి మేలని యడుగుటకు ముందు, ఆలస్యమైనచో ఎవరికి నష్టము, చోటు వ్యర్థమైనచో ఎవరికి కొఱత యని యడుగవలెను. 8 జీబీ మెమరీయందు ఇట్టి పేజీలెన్ని యుండునో గణించి, పది ప్రోగ్రాములు ఒక్కొక్కటి 1 జీబీ కోరినచో రెండు పద్ధతులయందును ఏమి జరుగునో విద్యార్థులు ఆలోచింతురుగాక.