ఆన్‌లైన్ కోర్సుకు డబ్బు కట్టే ముందు ఈ ఐదూ చూసుకోండి

బ్రిటన్‌లో సైట్ మీద లేబర్ పనికి చాలాచోట్ల సీఎస్‌సీఎస్ గ్రీన్ కార్డు అడుగుతారు. ఆ కార్డుకు సీఐటీబీ ఒక్కరోజు హెల్త్ అండ్ సేఫ్టీ అవేర్‌నెస్ కోర్సు పనికొస్తుంది; దాన్ని ఇంటి నుంచి చేసే వీలు ఇప్పుడుందో లేదో ముందు సంస్థను అడగండి. ఇళ్లలో పనిచేసేవాళ్లకు ఇంగ్లీషు క్లాసులూ ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. కానీ క్లాసు మధ్యలో ఫోన్ ఆగిపోతే కట్టిన ఫీజు పోవచ్చు, సెలవు పెట్టిన రోజు కూలీ ఎలాగూ పోతుంది. అందుకే ముందే చూసుకోండి.

1. ఫోన్ సరిపోతుందా? సీఐటీబీ కోర్సు రికార్డు చేసిన వీడియో కాదు. ట్రైనర్ లైవ్‌లో చెప్తారు, చివర పరీక్ష ఉంటుంది. కెమెరా, మైకు పనిచేయాలి. చాలా సంస్థలు ఫోన్‌తో ఒప్పుకోవు, లాప్‌టాప్ గానీ టాబ్లెట్ గానీ ఉండాలంటాయి. ముందే అడగండి, జవాబు మెసేజ్‌లో పెట్టమనండి.

2. డేటా ఎంతుంది? వీడియో క్లాసుకు గంటకు సుమారు 1 జీబీ అవుతుంది. రోజంతా అంటే 7, 8 జీబీ కావాలి.

3. కూర్చునే చోటుందా? తలుపు వేసుకునే గది, చార్జర్, ఇయర్‌ఫోన్స్ సిద్ధం చేసుకోండి. యజమాని ఇంట్లో ఉండేవాళ్లు సొంత ఈమెయిల్ వాడండి. యజమాని లాప్‌టాప్‌లో మీ పాస్‌వర్డ్ సేవ్ చేయొద్దు.

4. గుర్తింపు కార్డు చేతిలో ఉందా? కెమెరా ముందు ఫొటో ఐడీ చూపమంటారు. మీ పాస్‌పోర్టు మీ దగ్గరే ఉండాలి. దాన్ని దాచిపెట్టుకునే హక్కు యజమానికి లేదు.

5. ఒకసారి ఆడించి చూశారా? తెలిసినవాళ్లతో జూమ్‌లో 15 నిమిషాలు మాట్లాడండి. మాట తెగుతోందా, మీ ముఖం కనిపిస్తోందా అడగండి.

ఏదైనా తక్కువైతే దారులున్నాయి. కౌన్సిల్ లైబ్రరీలో సభ్యత్వం ఉచితం, అక్కడి కంప్యూటర్ మీద చేయి తిప్పుకోవచ్చు. తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు నేషనల్ డేటాబ్యాంక్ ద్వారా ఉచిత మొబైల్ డేటా ఇస్తారు, లైబ్రరీలో అడిగి చూడండి. అప్పటికీ కుదరకపోతే క్లాస్‌రూమ్‌కి వెళ్లి చేయండి. కోర్సూ అదే, సర్టిఫికెట్టూ అదే.

ఒక్క మాట. గ్రీన్ కార్డుకు ఈ కోర్సుతో పాటు సీఐటీబీ టెస్టు కూడా పాసవ్వాలి: 50 ప్రశ్నలు, 45 నిమిషాలు. "మీ బదులు నేను రాసిపెడతా" అనే ఏజెంటుకు పైసా ఇవ్వొద్దు.