ఒక ఆదివారం సాయంత్రం మెయిన్ ఆపి చూడండి

తుపాను కబురు రాగానే పెద్దవాళ్ళం చేసే మొదటి పని టీవీ పెట్టుకోవడం. రెండోది, పాలకీ కూరగాయలకీ పరుగెత్తడం. ఈ హడావుడిలో పిల్లలు ఓ మూల కూర్చుని మన ముఖాలు చూస్తుంటారు. ఏం జరగబోతోందో వాళ్ళు తెలుసుకునేది వార్తల్లోంచి కాదు, మన ముఖాల్లోంచే. మనకైతే ఏదో ఒక పని ఉంటుంది కాబట్టి భయం కాస్త పక్కకు జరుగుతుంది. వాళ్ళ చేతులు ఖాళీ. ఆపదలో చేయాల్సిన పనులను మామూలు రోజుల్లోనే పిల్లల చేతికి అలవాటు చేయమని అమ్మానాన్నలను అడగడానికే ఇదంతా రాస్తున్నాను.

2014 అక్టోబరు 12, ఆదివారం మధ్యాహ్నం హుద్‌హుద్ విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. గాలి గంటకు దాదాపు 180 కిలోమీటర్ల వేగంతో వీచింది. ఆ గాలి ఒక్కరోజుతో పోయింది. ఊరిని సతాయించింది మాత్రం తర్వాతి రోజులు. స్తంభాలు ఒరిగి కరెంటు లేదు. కరెంటు లేక మోటార్లు తిరగలేదు, అపార్టుమెంట్లలో పై అంతస్తులకు నీళ్ళెక్కలేదు, సెల్‌ఫోన్లు మూగబోయాయి. పదేళ్ళ తర్వాత, 2024 సెప్టెంబరు మొదట్లో, బుడమేరుకు గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్ వైపు కాలనీలు రోజుల తరబడి నీళ్ళలో నిలిచిపోయాయి. మేడల మీద చిక్కుకున్నవాళ్ళకు పడవల్లో, డ్రోన్లతో అన్నం పొట్లాలు పంపారు. చుట్టూ నీళ్ళే, తాగడానికి మాత్రం గుక్కెడు కరువు.

ముందు జాగ్రత్త అంటే ఒక సంచీ సర్ది పెట్టుకోవడమే అని చాలామంది అనుకుంటారు. సంచీ మంచిదే, కాదనను. కానీ అటక మీదికెక్కించి మర్చిపోయిన సంచీలో టార్చి సెల్లులు కారిపోతాయి, బిస్కట్లు మెత్తబడతాయి, బామ్మ బీపీ మాత్రలకు గడువు తీరిపోతుంది. సంచీ కొనేముందు ఒక సాయంత్రం ఖర్చు పెట్టండి.

ఏదో ఒక ఆదివారం, చీకటి పడ్డాక, ఇంట్లో అందరికీ చెప్పే మెయిన్ ఆపేయండి. ఎవరైనా కరెంటుతో నడిచే ఆక్సిజన్ యంత్రం మీద ఉంటే ఈ ప్రయోగం వద్దు. మిగతా ఇళ్ళలో రెండు గంటలకు మునిగిపోయేదేమీ లేదు. తలుపు తీయకుండా ఉంచితే ఫ్రిజ్ నాలుగు గంటల దాకా చల్లగానే ఉంటుంది. ఇన్వర్టర్ కూడా ఆపాలండోయ్, లేకపోతే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే. స్విచ్ మీరు నొక్కకండి. పన్నెండేళ్ళ పిల్లనో పిల్లవాణ్ణో పిలిచి నొక్కమనండి. అదెక్కడుందో వాళ్ళకు తెలియదన్న సంగతి అప్పుడే బయటపడుతుంది. వరద నీరు వీధిలోకి వచ్చినప్పుడు, ఇంట్లోకి రాకముందే చేయాల్సిన పని అదే మరి. చేతులు పొడిగా ఉండాలి, కాళ్ళకు చెప్పులుండాలి, బోర్డు దగ్గర అప్పటికే నీళ్ళు చేరి ఉంటే దాని జోలికే పోకూడదు. ఈ జాగ్రత్తలు అక్కడే, ఆ బోర్డు ముందే నిలబడి చెప్పండి.

ఆ తర్వాత వెతుకులాట మొదలవుతుంది. టార్చి దొరుకుతుంది, వెలగదు. అగ్గిపెట్టె దేవుడి గూట్లో ఉందని అమ్మమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. పవర్ బ్యాంకును అన్నయ్య హాస్టలుకు పట్టుకుపోయాడు. ఉన్న తీగ ఒక ఫోనుకు పడుతుంది, రెండోదానికి పట్టదు. మీకు నవ్వు రావచ్చు, కోపం రావచ్చు. నోరు మాత్రం విప్పకండి. దొరకనివన్నీ పిల్లలే ఒక కాగితం మీద రాయాలి, మర్నాడు కొట్టుకు వెళ్ళి తెచ్చేదీ, ఎక్కడ పెట్టాలో నిర్ణయించేదీ వాళ్ళే. మనం సర్దిపెట్టింది వాళ్ళకు గుర్తుండదు. తాము పెట్టుకున్నది చీకట్లోనూ చేతికి తగులుతుంది. కొవ్వొత్తుల కంటే టార్చే మేలు. కొవ్వొత్తి తప్పకపోతే నీళ్ళు పోసిన పళ్ళెంలో, పరదాలకు దూరంగా పెట్టండి. ఆర్పే పని మాత్రం పెద్దవాళ్ళదే.

ఆ చీకట్లోనే నీళ్ళ లెక్క కూడా తేల్చుకోవచ్చు. తాగడానికి, కాస్త వండుకోవడానికి మనిషికి రోజుకు మూడు నాలుగు లీటర్లయినా కావాలి. నలుగురికి, మూడు రోజులకు ఎంత? లెక్క పిల్లలనే చేయనివ్వండి. 36 నుంచి 48 లీటర్లు వస్తుంది. ఇంట్లో ఉన్న 20 లీటర్ల టిన్ను వైపు వాళ్ళు ఓసారి చూస్తారు, ఇంకేమీ చెప్పనక్కర్లేదు. వానల కబురు వచ్చిన రోజున బిందెలు, బకెట్లు, పెద్ద గిన్నెలు నింపడం ఇక వాళ్ళ వంతు. తాగేవి ఏవో, వాడుకవి ఏవో మూతల మీద చీటీ అంటించడంలో చిన్నవాళ్ళకు మహా సరదా. వరద తగ్గాక కొళాయి వచ్చినా కొన్నాళ్ళు కాచే తాగాలి. కళపెళ మరిగాక ఒక నిమిషం ఉంచితే చాలు.

వరద వెనకాలే విరేచనాలూ వస్తాయి. ఓఆర్‌ఎస్ పొట్లాలు ఇంట్లో ఉంటే అంతకంటే మేలు లేదు. లేనప్పుడు లీటరు శుభ్రమైన నీళ్ళలో ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు కలపాలి. చెంచా గోపురంలా కాకుండా సమంగా గీసి కొలవాలి. రుచి చూస్తే కన్నీటికంటే ఉప్పగా ఉండకూడదు, ఉంటే పారబోసి మళ్ళీ కలపాలి. హైస్కూలు పిల్లలు దీన్ని ఒక్కసారి చేస్తే జన్మలో మర్చిపోరు.

తిండి విషయంలో కొత్తగా చెప్పాల్సింది తక్కువ. ఇంట్లో పెద్దావిడ ఉంటే ఆవిడనే గురుపీఠం మీద కూర్చోబెట్టండి. అటుకులు, మరమరాలు, వేయించిన శనగపప్పు, బెల్లం, వేరుశనగ ఉండలు, ఊరగాయ. పొయ్యి వెలిగించకుండా రాత్రి భోజనం ఎలా గడుస్తుందో ఆ ఆదివారమే చూడండి. అటుకులు తడిపి ఉల్లిపాయ, నిమ్మరసం, ఉప్పు, కారం కలపడానికి ఏడేళ్ళ చేతులు చాలు. ప్రత్యేకంగా డబ్బాలు కొని దాచొద్దు. నెల సరుకుల్లోనే ఒక వారానికి సరిపడా ఎక్కువ తెచ్చి, పాతవి ముందు వాడి, కొత్తవి వెనక సర్దితే సరిపోతుంది. టీవీ లేదు కాబట్టి పెద్దవాళ్ళను పాత సంగతులూ అడగండి. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ఊడ్చేసింది. ఆ వైపు కుటుంబాల్లో ఆ రాత్రిని చూసినవాళ్ళు ఇంకా ఉన్నారు. తాతయ్య చెబితే పిల్లలు వింటారు, మనం చెబితే పాఠం అంటారు.

ఫోను సంగతి. యూట్యూబులో ఏ వీడియో ఎక్కడుందో తెలిసిన పిల్లలకు నాన్న నంబరు నోటికి రాదు, ఎందుకంటే మనకే రాదు. రెండు నంబర్లు కంఠతా రావాలి. ఒకటి ఇంట్లోవాళ్ళది, రెండోది వేరే ఊళ్ళో ఉండే పిన్నిదో మావయ్యదో. మన ఊళ్ళో సిగ్నల్ కొట్టుమిట్టాడుతున్నప్పుడు ఎవరికి వీలైతే వాళ్ళు ఆ ఒక్కచోటికి కబురు చెబితే చాలు, అందరి క్షేమం అక్కడ తెలుస్తుంది. తర్వాత 112, అంబులెన్సుకు 108, గ్యాస్ లీకైతే 1906. నంబరు తెలిస్తే సరిపోదు, అడ్రసు చెప్పడం రావాలి. ఒకరు 108 లో మాట్లాడేవాళ్ళుగా నటించండి, పిల్లలు చెప్పాలి. ఏమైంది, ఎంతమంది, ఏ వీధి, పక్కన గుడా, రేషన్ షాపా. అవతలివాళ్ళు పెట్టేయమనేదాకా ఫోను పెట్టకూడదు. నిజంగా నంబరు నొక్కి ఆడుకోవద్దని గట్టిగా చెప్పడం మరవకండి.

గ్యాస్ వాసన వస్తే చిన్నవాళ్ళు చేయాల్సింది ఒకటే, బయటికి వచ్చి పెద్దవాళ్ళను పిలవడం. స్విచ్‌లు వేయకూడదనే కాదు, ఆర్పకూడదని కూడా చెప్పండి. ఆర్పినా నిప్పురవ్వ లేస్తుంది. గ్యాస్ గాలికంటే బరువు కాబట్టి నేలబారుగా పరుచుకుంటుంది. రెగ్యులేటర్ తిప్పడం, తలుపులూ కిటికీలూ తెరవడం పదమూడు దాటినవాళ్ళకు మీరు పక్కన ఉండి నేర్పండి. ఒళ్ళు కాలితే కొళాయి నీటి ధార కింద 20 నిమిషాలు పెట్టాలి. టూత్‌పేస్టు, సిరా, పసుపు ఏవీ వద్దు. ఈ ఒక్క విషయంలో ఇంట్లో పెద్దావిడను మర్యాదగా కాదనండి.

చేయకూడనివీ ఉన్నాయి. రోడ్డు మీద పారే నీళ్ళలోకి దిగకూడదు. మోకాలిలోతే కదా అనిపిస్తుంది, కింద మూత లేని మ్యాన్‌హోల్ ఉండొచ్చు. తెగిపడిన తీగకు దూరం. ఉరుము వినిపిస్తే చెట్టు కిందికి కాదు, పక్కా ఇంట్లోకి. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా లోపలే.

ఇక టీవీ. ఎగిరిపోతున్న రేకులను పదిసార్లు చూపించే ఛానెళ్ళ ముందు పిల్లలను కూర్చోబెట్టకండి, ఇందులో నాది మొండి పట్టు. వాళ్ళు అడిగినదానికి మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పండి. "ఏమీ కాదమ్మా" అనడం కంటే "గాలి గట్టిగా వస్తుంది, మనం లోపలి గదిలో ఉంటాం, నీకు అప్పగించింది టార్చి" అనడం మేలు. రేవులో ఎగరేసే ప్రమాద హెచ్చరిక నంబర్లు 1 నుంచి 11 దాకా ఉంటాయని, వార్తల్లో "మూడో నంబరు" అంటే అదేనని చెబితే చెవులు రిక్కిస్తారు. 2023లో ఫోన్లన్నీ ఒక్కసారి గీపెట్టి తెలుగులో పరీక్ష సందేశం చూపించాయి, గుర్తుందా? నిజంగా ఆపద వచ్చినప్పుడు అలాగే మోగుతాయి. మోగితే ఫోను విసిరేయకుండా చదవాలని చెప్పండి.

మన తీరానికి తుపానుల నెలలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆలోగా ఇంకో సాయంత్రం పెట్టుకోండి. ఈసారి రోజు వాళ్ళనే ఎంచుకోమనండి. మీకు ముందుగా చెప్పనక్కర్లేదు. బామ్మ స్నానాలగదిలో లేదని మాత్రం చూసుకుని, మెయిన్ ఆపమనండి.